రాదెగోండ్ గడి ఖాళీగానే ఉండాలి

సంపాదకులకు,

అకేడియన్లంటే పదిహేడో శతాబ్దంలో ఇప్పటి కెనడా తూర్పు తీరంలోని అకేడియాలో స్థిరపడిన ఫ్రెంచ్ వలసదారులు, వారి వారసులు. ఆ మూలాలు వెతుక్కునేవారి వంశవృక్షాల్లో ఆనాటి స్త్రీ రాదెగోండ్ లాంబేర్ పేరు తరచూ కనిపిస్తుంది. ఆమెను అక్కడి మిక్‌మాక్ ఆదివాసీ స్త్రీగా రాసినవి ఎన్నో. ఆమె నుంచి తల్లీకూతుళ్ల వరుసలో దిగివచ్చినవారి మైటోకాండ్రియల్ డీఎన్ఏ (తల్లి నుంచే పిల్లలకు వచ్చేది) మాత్రం ఎక్స్2బి శాఖది, అంటే యూరప్ మూలం. తల్లిదండ్రులెవరో చెప్పే కాగితం లేకపోయేసరికి ఆ ఖాళీలోకి ఊహ వచ్చి కూర్చుంది.

ఉన్న కాగితాలైనా ఒక్కమాట మీద నిలవవు. అకేడియాలోని పోర్ట్ రాయల్‌లో 1671లో తీసిన జనగణనలో ఆమె జాఁ బ్లాంషార్ భార్య, వయసు 42. పదిహేనేళ్ల తర్వాత, 1686 లెక్కలో 57 ఉండాల్సింది 65 అని ఉంది. కాబట్టి పుట్టిన సంవత్సరం 1621, 1629 మధ్య అని రాయడమే న్యాయం. ఆనాడు ఇల్లిల్లూ తిరిగిన మతగురువుకు అందరూ వయసు చెప్పనూ లేదు. పీపాలు చేసే పియేర్ లానూ తాను బాగానే ఉన్నానని చెప్పి ఊరుకున్నాడు.

అసలు చిక్కు 1767లో వచ్చింది. బ్రిటిష్‌వారు 1755లో మొదలుపెట్టిన అకేడియన్ల బహిష్కరణలో చెదిరిపోయి, ఇంగ్లండ్ మీదుగా ఫ్రాన్స్ చేరిన కుటుంబాల్లో కొన్ని అక్కడి బెల్‌ఇల్ ద్వీపంలో స్థిరపడి తమ వంశక్రమాన్ని ప్రమాణం చేసి చెప్పాయి. ఆ వాంగ్మూలాల్లో జాఁ బ్లాంషార్ భార్య పేరు యూగెత్ పువారియే. జాఁ కొడుకు గియోమ్ భార్య యూగెత్ గుజోఁ. కోడలి పేరు ఒక తరం పైకి జారిందని నా అభిప్రాయం. ఆ వాంగ్మూలాలు విలువలేనివని కాదు. చెప్పేవారి తల్లిదండ్రులు, తాతలు, తోబుట్టువులు, ఎవరు ఏ వలసకు చేరారన్న విషయాల్లో వాటికి సాటి లేదు. ముత్తాత దాటితే మాత్రం మరో ఆధారం కావాలి. రాదెగోండ్ బతికుండగా తీసిన లెక్కకూ, ఎనభై ఏళ్ల తర్వాతి జ్ఞాపకానికీ పొసగకపోతే లెక్కనే నమ్మాలి.

చర్చి రిజిస్టర్లు దీనికంటే గట్టివి. పోర్ట్ రాయల్‌వి 1702 నుంచి ఉన్నాయి. మరో అకేడియన్ ఊరు గ్రాన్ ప్రే రిజిస్టర్లను జనం ప్రవాసంలోనూ వెంట మోసుకెళ్లారు, ఇప్పుడవి అమెరికాలోని లూసియానాలో, బేటన్ రూజ్ డయోసిస్ (బిషప్ పరిధి) వద్ద భద్రంగా ఉన్నాయి. పెళ్లి నమోదులో చుట్టరికం మినహాయింపును, అంటే దగ్గరి బంధువుల పెళ్లికి చర్చి ఇచ్చే అనుమతిని, దాటేయకండి. రెండో డిగ్రీ అంటే తాత ఉమ్మడి, మూడో డిగ్రీ అంటే ముత్తాత, నాలుగో డిగ్రీ అంటే ఇంకో తరం పైవాడు. మూడో డిగ్రీ అని ఉంటే వరుడివి, వధువువి నాలుగేసి ముత్తాతల జంటలు ఎదురెదురుగా రాయండి. ఎక్కడా కలవకపోతే మీ చెట్టులో ఏదో తప్పుంది, లేదా ఖాళీగా ఉన్న జంటే ఆ ఉమ్మడి జంట. మూడు–నాలుగు అని ఉంటే ఒకవైపు ఒక తరం ఎక్కువ. తొందరపడేవారు ఇక్కడే దెబ్బతింటారు: చనిపోయిన భార్య బంధువును చేసుకున్నా మినహాయింపు కావాల్సిందే, అది రక్తసంబంధం కాదు. ఏ రకం చుట్టరికమని రాశారో అసలు నమోదులో చూసుకోవాలి. తండ్రో తల్లో ఒక్కరే ఉమ్మడిగా ఉన్న సవతి సోదరుల సంతానమైతే ఉమ్మడి పూర్వీకులు ఇద్దరు కాదు, ఒక్కరే.

పేర్ల సంగతి. అకేడియాలోని మెలాన్సోఁ అన్నదమ్ముల్లో షార్ల్‌కు లా రామే, పియేర్‌కు లా వెర్దూర్ అని మారుపేర్లు. కాగితంలో ఒక్కోసారి అవే ఉంటాయి. స్త్రీలు పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరుతోనే నమోదవడం మన అదృష్టం. ఇంగ్లిష్ వలసల్లో లెబ్లాఁ వైట్ అయింది, పువారియే పెర్రీ అయింది. అందుకే ఇంటిపేరుతో కాక, భార్యాభర్తల పేర్ల జతతోనూ పిల్లల వరుసతోనూ వెతకాలి.

వంశవృక్షంలో ప్రతి పేరు పక్కన కాగితం ఏదో, ఏ ఏటిదో రాయమని నా మనవి. రాదెగోండ్ తల్లిదండ్రుల గడిలో రాయడానికి ఇప్పటికి ఏ కాగితమూ లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు