నెల్లూరు పొగతోటలో నా చెయ్యి పట్టుకుని చూసిన ఆమెకు

ఈ రోజు పొద్దున్న ఒక జాకెట్‌కు హుక్కులన్నీ నేనే కుట్టాను. సూదిలో దారం కూడా నేనే ఎక్కించాను. రాత్రంతా నిద్ర పట్టినందుకు కూడా మనిషికి ఏడుపు వస్తుందని నాకు ఇప్పుడే తెలిసింది. చెయ్యి ఇంకా పూర్తిగా కుదుటపడలేదు, ఆగి ఆగి రాస్తున్నాను. అయినా ఈ మాటలు ఇప్పుడే చెప్పాలి.

కావలిలో జాకెట్లు, యూనిఫారాలు కుట్టుకుని బతుకుతున్నాను. నిరుడు చలికాలం నుంచి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిపూట మొద్దుబారి మంట పుట్టేవి. చిటికెనవేలికి మాత్రం ఏమీ లేదు. లేచి కూర్చుని చెయ్యి విదిలిస్తే కాసేపు నయంగా ఉండేది. తర్వాత కత్తెర జారిపోవడం మొదలైంది. చూపించుకున్న చోట, మణికట్టులో నరం నొక్కుకుపోయింది, కార్పల్ టన్నెల్ అంటారు, ఆపరేషన్‌కు వచ్చి చేరండి అన్నారు. నరాల పరీక్ష లేదు, థైరాయిడ్ ఉందా అని అడిగిన వారు లేరు. ఆరోగ్య కార్డు మీద అవుతుందా అని కౌంటర్‌లో అడిగితే, ఆపరేషన్ అయితే చూద్దాం, పట్టీకి, పరీక్షకు, ఫిజియోథెరపీకి మీరే పెట్టుకోవాలి అన్నారు. చెయ్యి కోయడానికి డబ్బు దొరుకుతుంది, కోయకుండా నయం చేయడానికి దొరకదు!

ఆ తర్వాత నెల్లూరు పొగతోటలో ఒక సర్జికల్ షాపులో మణికట్టు పట్టీ ధర అడుగుతున్నాను. వాళ్ల నాన్నగారికి వాకర్ కొనడానికి వచ్చిన ఒకామె నా వంక చూసి, "అక్కా, ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి?" అన్నారు. ఆమె ఫిజియోథెరపిస్టు. పట్టీలోని లోహపు రేకును బయటికి లాగి చూపించారు. అది మణికట్టును పైకి వంచి ఉంచేలా ఉంది. అలా వంగి ఉంటే లోపల నరం మీద ఒత్తిడి పెరుగుతుందట, మణికట్టు తిన్నగా ఉండాలట. రేకును కౌంటరు అంచుకు ఆనించి, బలమంతా పెట్టి చదును చేసి, మళ్లీ దూర్చి, నా చేతికి తానే కట్టారు. రాత్రి పడుకునేటప్పుడు తప్పకుండా కట్టుకోమన్నారు, కనీసం ఆరు వారాలు మానవద్దన్నారు.

కడుతూ కడుతూ నా వేలి మీద సూది గుచ్చుకున్న మచ్చలు చూశారు. "ఈ చెయ్యి ఎన్ని వేల జాకెట్లు కుట్టిందో కదా అక్కా" అన్నారు. అంతే, అందరి ముందూ ఏడ్చేశాను. అన్నాళ్లుగా నా వేళ్లను నొక్కి చూసినవాళ్లే గానీ, ఆ చెయ్యి ఏం పని చేస్తుందో అడిగినవాళ్లు లేరు. ఆమె తొందరపడలేదు. నాన్నగారు ఎండలో ఆటోలో కూర్చుని ఉన్నారని తెలిసి నేను లేవబోతే, ఆ పెద్దాయనే లోపలి నుంచి "పర్వాలేదమ్మా, అన్నీ అడిగి తెలుసుకో" అన్నారు.

షాపు మెట్ల మీద కూర్చుని రసీదు వెనక రాసిచ్చారు: నరాల పరీక్ష, ఈ తిమ్మిరికి కారణం కావచ్చు కాబట్టి థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోవాలి, మణికట్టులో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగాలి. బొటనవేలి మొదట్లో కండ తడిమి చూసి, ఇది కరగలేదు కాబట్టి ముందు ఇవి ప్రయత్నించవచ్చు, కరిగిపోతుంటే మాత్రం ఆపరేషన్ వాయిదా వేయకూడదు అని గట్టిగా చెప్పారు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత తానే ఫోను చేసి, నరం సులువుగా కదలడానికి వేళ్లనూ మణికట్టునూ మెల్లగా చాపే వ్యాయామాలు వీడియోలో చేయించి చూశారు. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. అమ్మా, ఇది చదివితే మీకు తెలుస్తుంది.

పరీక్షలో నరం మధ్యస్థంగా నొక్కుకుందని తేలింది, థైరాయిడ్ తక్కువగా ఉందని బయటపడింది. మాత్ర మొదలుపెట్టారు. ఇంజెక్షన్ వేసిన డాక్టరు గారు దాని ప్రభావం కొన్ని నెలలే ఉండవచ్చని, షుగర్ ఉన్నవారికి కొద్దిరోజులు షుగర్ పెరుగుతుందని ముందే విడమరిచి చెప్పారు. ఆయనకు నమస్కారాలు.

మా ఆయన, మా అమ్మాయి, అత్తయ్య ఎలాగూ ఉన్నారు, ఇల్లంతా వాళ్లే నడిపారు.

ఒక మాట మాత్రం అడగకుండా ఉండలేను. నాతో పాటు కుట్టేవాళ్లు, రొయ్యల కంపెనీల్లో తలలు తీసే ఆడవాళ్లు, నాకు తెలిసినవాళ్లే ఎందరో రాత్రిళ్లు లేచి చెయ్యి విదిలించుకుంటున్నారు. మా దగ్గరి ఆసుపత్రిలో ఫిజియోథెరపీ గదికి ఎప్పుడు వెళ్లినా తాళమే. ఒక పట్టీ, ఒక మనిషి, వారానికి ఒక పూట. అంతకంటే ఏమడుగుతున్నాం?

మరిచాను, పక్కింటి షాహిన్ నా బదులు బట్టలన్నీ కత్తిరించి పెట్టింది, పైసా తీసుకోలేదు. నరాల పరీక్ష చేసిన అబ్బాయి, కరెంటు తగిలినట్టు ఉంటుంది భయపడకండి అంటూ ప్రతిసారీ ముందే చెప్పాడు. నెల్లూరు బస్సులో నాకు సీటిచ్చి సంచి పట్టుకున్న కాలేజీ పిల్లలు కూడా. ఇంకా యూనిఫారాల గడువు పెంచిన హెడ్మాస్టరు గారికి: సార్, చొక్కాలు అయిపోయాయి, నిక్కర్లు వచ్చే సోమవారం పంపిస్తాను.