టెగర్న్‌జే రైల్లోని ఆ పెద్దావిడకు

అమ్మా, మీరెవరో తెలీదు. మాది ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడి. మా అమ్మాయి ఒక సెమిస్టర్ మ్యూనిక్‌లో చదివింది. శనాదివారాలొస్తే ఇంట్లో కూర్చునే రకం కాదు. డాయిచ్‌లాండ్ టికెట్ అని జర్మనీలో నెలవారీ పాసు ఉందిగా, 2025లో నెలకు 58 యూరోలు. స్పీడు రైళ్ళకి చెల్లదు గానీ లోకల్ రైళ్ళన్నిటిలో దానిదే రాజ్యం.

మా నౌపడ–గుణుపూర్ రైల్లో ఏ పెట్టెలో కూర్చున్నా చేరేది గుణుపూరే. అక్కడలా కాదట! మ్యూనిక్‌లో బయల్దేరిన ఒకే రైలు హోల్జ్‌కిర్షెన్‌లో విడిపోతుంది, షాఫ్ట్‌లాఖ్‌లో మళ్ళీ విడిపోతుంది. అక్కణ్ణుంచి సగం లెంగ్రీస్‌కి, సగం టెగర్న్‌జే సరస్సుకి. పెట్టెలో తెరమీద ఊరిపేరు రాస్తారట, కానీ కొత్తపిల్లకి ఏం తెలుస్తుంది?

మీరు దాని చేతిలో ఫోను చూసి, తెర చూపించి, మాటలు కుదరక చెయ్యి పట్టుకుని దింపారట. చేతికర్రతో ప్లాట్‌ఫాం వెంట గబగబా నడిచి సరైన పెట్టె ఎక్కించి, మీరు మాత్రం మళ్ళీ వెనక్కి మీ పెట్టెకి పరిగెత్తారట. ఆ వయసులో పరుగేమిటి తల్లీ, పడితే!

పేరడిగే లోపే తలుపులు మూసుకున్నాయట. చాలా థాంక్సమ్మా. ఎప్పుడైనా ఇటొస్తే పలాసలో దిగండి, మేమే వచ్చి తీసుకెళ్తాం.