భావనకు అర్థం ఎక్కడి నుంచి వస్తుంది

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. ఏ భావనకైనా ఒక నిర్వచనం రాసిపెట్టుకుంటే సరిపోదా, మళ్ళీ సంబంధాలు, సందర్భం అంటూ ఈ గొడవంతా ఎందుకని అడిగావు. ఫోన్లో తేలే విషయం కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను. గ్రహం అన్న భావననే తీసుకుందాం. దాని నిర్వచనాన్ని శాస్త్రవేత్తలు ఓటు వేసి మరీ ఖరారు చేశారు.

2006 ఆగస్టులో ప్రాగ్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఖగోళ సంఘం, మన సౌరకుటుంబంలో గ్రహం అనిపించుకోవాలంటే సూర్యుడి చుట్టూ తిరగాలని, సొంత గురుత్వాకర్షణతో దాదాపు గుండ్రంగా మారేంత ద్రవ్యరాశి ఉండాలని, తన కక్ష్య పరిసరాలను ఖాళీ చేసుకుని ఉండాలని తీర్మానించింది. వీటిలో ఆ వస్తువునొక్కదాన్నే చూసి తేల్చగలిగింది రెండోదే. మిగతా రెండూ అది దేని చుట్టూ తిరుగుతోంది, దాని ఇరుగుపొరుగు ఏమిటి అన్న ప్రశ్నలు. గురుగ్రహపు ఉపగ్రహం గానిమీడ్ వ్యాసం సుమారు 5,268 కిలోమీటర్లు, బుధుడిది సుమారు 4,879. అయినా పెద్దది ఉపగ్రహంగా, చిన్నది గ్రహంగా ఉండడానికి కారణం అవి దేని చుట్టూ తిరుగుతున్నాయన్నదే.

ఇక ప్లూటో. ఆ తీర్మానంతో అది గ్రహాల జాబితా నుంచి తప్పుకుంది, కానీ ఆ రోజున అక్కడ ఒక్క రాయి కూడా కదల్లేదు. 1930లో అది కనబడినప్పుడు ఆ దూరాన ఒంటరిగా తోచింది. 1992 నుంచి నెప్ట్యూన్ అవతల అటువంటివి వరసగా బయటపడి, 2005లో దాదాపు దానంతే ఉన్న ఏరిస్ సంగతి వెల్లడయ్యేసరికి, అది ఒక పెద్ద గుంపులో సభ్యురాలని తేలింది. అంతకు ముందు సెరిస్‌కూ ఇదే జరిగింది: 1801లో కనుగొన్నప్పుడు గ్రహమే, తోటివి బయటపడ్డాక గ్రహశకలం. (ప్లూటో కోసం జనం అంతగా బాధపడడం నాకు ముచ్చటగానే ఉంటుంది, సెరిస్ కోసం ఎవరూ ఏడవలేదు మరి.)

అలాగని సంబంధాలే సర్వస్వమని నేననను. ప్లూటో మీద మంచు పర్వతాలు, నత్రజని హిమానీనదాలు ఉన్నాయని 2015లో న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక చూపించింది. ఇలాంటి ఖగోళ వస్తువుల ఉపరితలాలను పరిశీలించే శాస్త్రవేత్తలు కొందరు దాన్ని నేటికీ గ్రహమనే అంటారు, ఎందుకంటే వారు వెతుకుతున్నది వస్తువు తీరును గాని దాని పొరుగును కాదు. వారి వాదన నాకు సబబుగానే తోస్తుంది.

నీ వ్యాసంలో స్వేచ్ఛకు ఒక్క వాక్యంలో నిర్వచనం ఇచ్చి ముందుకు వెళ్ళిపోయావు. ఎవరి స్వేచ్ఛ, ఎవరి అదుపు నుంచి, ఏ పని చేయడానికి అన్న మూడింటినీ అక్కడ చేర్చి, ఆ పేరా తిరగరాసి నాకు పంపు.

ఇట్లు,
నాన్న