సభ అనుమతికి ఒక గడువు పెట్టండి

గౌరవనీయ శాసనసభాపతి చింతకాయల అయ్యన్నపాత్రుడు గారికి,

శ్రీకాకుళం నుంచి ఒక ప్లీడరు నమస్కరించి రాస్తున్న లేఖ.

అయ్యా, సభలో జరిగిన విషయం మీద శాసనసభ సిబ్బంది కోర్టులో సాక్ష్యం చెప్పాలన్నా, సభ ఆధీనంలోని కాగితం తేవాలన్నా ముందు సభ అనుమతి కావాలి. ఆ కట్టుబాటు ఉండాల్సిందే. కమిటీలో మాటలు రాసుకునే సభ రిపోర్టరును ఎవరు పడితే వాళ్లు బోనెక్కించగలిగితే, ఆ కమిటీ ముందు ఎవరూ మనసు విప్పి మాట్లాడరు. నేను కోరేది ఆ అనుమతికి ఒక గడువు మాత్రమే.

హిరమండలం వైపు నుంచి వచ్చే వంశధార ప్రాజెక్టు నిర్వాసితుల చేతి సంచులు చూస్తుంటాను. పట్టాదారు పాసు పుస్తకం, భూమికి పరిహారం తేల్చిన అవార్డు నోటీసు, వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన పేపరు కటింగు. మంత్రి సభలో ఇచ్చిన హామీ అందులో ఉంటుంది. కటింగు సాక్ష్యానికి సరిపోదంటే ఒక పెద్దాయన, "సభలో సెప్పిన మాట సెల్లదంటే ఏటి బాబూ?" అన్నారు. ఆయనకు నేను చెప్పగలిగింది ఒక్కటే: సభ రికార్డు తెప్పించాలి.

అచ్చయిన చర్చలకు, సభ ముందు పెట్టిన నివేదికలకు ఇబ్బంది తక్కువ. కమిటీ నివేదికలను కోర్టులు చూడవచ్చని 2018లో కల్పనా మెహతా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. చిక్కంతా అచ్చుకాని కాగితాల దగ్గర, మనిషే వచ్చి చెప్పాల్సిన చోట వస్తుంది. సభ మళ్లీ కూడేదాకా ఆగాలంటే వాయిదా మీద వాయిదా తప్పదు, కూలి పోగొట్టుకుని వచ్చే కక్షిదారుకు అదెంత భారమో మీకు తెలియనిది కాదు.

దీనికి దారి 1957లోనే లోక్‌సభ సభాహక్కుల కమిటీ చూపింది. ఏ కాగితం, ఎందుకు, ఏ తేదీకి కావాలో, సర్టిఫైడ్ కాపీ చాలునో, అధికారే రావాలో కోర్టు స్పష్టంగా రాయాలంది. సభ జరగని రోజుల్లో న్యాయం ఆలస్యం కాకుండా, అత్యవసరమైతే స్పీకరే కాగితాలకు అనుమతిచ్చి తర్వాత సభకు తెలపవచ్చంది. సభాహక్కుల ప్రశ్న ఉందనిపిస్తే ఆపే అధికారమూ స్పీకర్‌కే వదిలింది.

మన సభలోనూ కోర్టు లేఖ అందిన 30 రోజుల్లో అవుననో కాదనో జవాబు వెళ్లేలా చూడండి. కాదంటే కారణం రాయించండి. కాపీతో పనయ్యే చోట మనిషిని పిలవక్కర్లేదు. తప్పదనుకుంటే శాసనసభ ఉన్న వెలగపూడి నుంచే వీడియోలో సాక్ష్యం ఇప్పించవచ్చు, ఆ పద్ధతిని సుప్రీంకోర్టు 2003లోనే ఒప్పుకుంది. ఒక ఉద్యోగి రాత్రంతా రైల్లో ఆమదాలవలస దాకా వచ్చి, జడ్జిగారు సెలవని తెలిసి తిరిగి వెళ్లే అవస్థా తప్పుతుంది.

తంగి సత్యనారాయణ గారు, ప్రతిభా భారతి గారు, తమ్మినేని సీతారాం గారు మా జిల్లా నుంచి వెళ్లి మీ కుర్చీలో కూర్చున్నవారే. మీదీ ఉత్తరాంధ్రే. ఆ చనువుతో అడుగుతున్నాను: అనుమతి కోరే లేఖ నమూనా ఒకటి తయారు చేయించి, హైకోర్టు ద్వారా జిల్లా కోర్టులన్నిటికీ పంపించండి.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా కోర్టు న్యాయవాది