ఐదూ ఎనిమిదీ ఎక్కడ కలుస్తాయి మావా

చిక్కడపల్లి, హైదరాబాద్
ఆదివారం రాత్రి

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తిట్టుకో, పడతాను. ఈ నెలంతా ఆరు నిమిషాల ముక్క ఒకటి కంపోజ్ చేస్తూ కూర్చున్నా. వీణ, చెల్లో, డప్పు. తలనొప్పంతా డప్పుతోనే.

మొదట ఆది తాళం ఎనిమిది అక్షరాలకీ, అంటే ఎనిమిది దెబ్బలకీ, లాప్‌టాప్‌లో కిక్ డ్రమ్ పెట్టేశా. విని మా ఆవిడ "పిండిమర ఆడినట్టుంది" అని లోపలికి పోయింది. కోపం వచ్చింది గానీ, నిజమేరా.

ఇంతలో బోనాలు. మా సందులోకి తీన్మార్ వాళ్ళొచ్చారు. బాల్కనీలోంచి చూస్తున్నా. పెద్ద డోలు కొట్టేవాడు చెమట తుడుచుకోడానికి పుల్ల చంకలో పెట్టాడు. నాలుగు దెబ్బలు పోయాయి. ముందు ఎగిరే కుర్రాళ్ళకి అది పట్టనే లేదు, వాడు మళ్ళీ అందుకునేసరికి కాళ్ళన్నీ సరిగ్గా అక్కడే దిగాయి. చిన్నప్పుడు మన మాస్టారు, నువ్వు తాళం వేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపేసి "ఇప్పుడు వాయించు" అనేవారే, గుర్తుందా? అదే ఇది.

వెంటనే కిక్ తీసేశా. మొదటి నాలుగు ఆవర్తనాలు (ఎనిమిది అక్షరాల చుట్టు ఒక్కోటి) వీణ తాళం తీగ మీటుతూ పల్స్ చెవిలో వేస్తుంది, తర్వాత మానేస్తుంది. అక్కడ డప్పు తకతకిట అందుకుంటుంది, ఐదు జతులు, అక్షరానికొకటి. మొదటిది సమం మీద, అంటే ఆవర్తనం మొదటి అక్షరం మీద, రెండోది ఆరో అక్షరం మీద, మూడోది పక్క ఆవర్తనంలో మూడో అక్షరం మీద. అలా జారిజారి, ఎనిమిది ఐదులు నలభై కదా, ఐదు ఆవర్తనాలు కాగానే సమానికి వచ్చి పడుతుంది. నీకు ఇది వెన్నతో పెట్టిన విద్య, నవ్వకు.

మనం ముక్తాయింపులో, అదే ముగింపు జతుల్లో, చేసి వదిలేసేదాన్ని అమెరికా సంగీతకర్తలు పూర్తి రచనగా సాగదీశారు. స్టీవ్ రైష్ 1972లో రాసిన 'క్లాపింగ్ మ్యూజిక్'లో ఇద్దరు మనుషులు, చప్పట్లు, అంతే. పన్నెండు మాత్రల్లో ఎనిమిది చప్పట్లు. ఒకడు కదలడు, రెండోవాడు కొన్నిసార్లకోసారి ఒక మాత్ర జరుగుతాడు. పన్నెండుసార్లు జరిగాక ఇద్దరూ మళ్ళీ ఒకటౌతారు. మా మేనల్లుడితో వంటింట్లో కూర్చుని ప్రయత్నించా. కదలకుండా ఉండాల్సింది వాడు, జరగాల్సింది నేను. మూడో జరుపుకే వాడి చప్పట్లలో కలిసిపోయా. పక్కవాడి సమం చెవిలో దూరాక మన సమం నిలబెట్టుకోవడం ఉంది చూశావూ, నరకం.

టెర్రీ రైలీ మాత్రం దయగలవాడు. 1964 నాటి 'ఇన్ సి'లో 53 చిన్న పదబంధాలు, ఎవడి తీరిక వాడిది. అందరూ చెదిరిపోకుండా పియానో పైస్థాయి సి స్వరాన్ని టిక్కు టిక్కుమని కొడుతూనే ఉంటుంది. ఆ సలహా ఇచ్చింది కూడా రైషే.

మా చెల్లో కుర్రాడికీ ఆ టిక్కే కావాలిట, చెవిలో. మూడో ఆవర్తనంలో రోజూ దారి తప్పుతున్నాడు. నేను ఇవ్వనంటున్నా. ఇస్తే మళ్ళీ పిండిమరే! దసరాకి వస్తావుగా, కంజీర తెచ్చుకో. వాడి చేత రెండు రోజులు తాళం వేయించి తకతకిట చెప్పించు. నేను చెబితే వినట్లేదు.

నీ,
తాళం తప్పినవాడు