జూన్ 12కి ముందు, మా బడి కుటుంబాలకు నాలుగు మాటలు

తల్లిదండ్రులకు, రోజూ పిల్లల చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చే తాతయ్యలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు నమస్కారం.

జూన్ 12న బడి తెరుస్తున్నాం. నర్సరీ నుంచి ఐదో తరగతి దాకా అందరికీ అదే రోజు. ఉదయం 8:40కి గేటు తీస్తాం, 9 గంటలకు ప్రార్థన. శ్రీకాకుళంలో జూన్ సగం దాటినా ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. గట్టిగా వానలు పడేదాకా మధ్యాహ్నం పూట పిల్లల్ని ఆటలకి బయటికి వదలం, నీడలోనే ఆడిస్తాం.

ముందు ఫీజు సంగతి చెప్పేస్తాను. మీలో చాలామందికి అడగాలని ఉండి మొహమాటపడుతున్నారని నాకు తెలుసు. ఒకటి నుంచి ఐదు తరగతులకు నెలకు 1,100 రూపాయలు ఉన్నది ఈ ఏడాది 1,250 చేశాం. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీలకు పెంచలేదు. ఈ డబ్బు ఏసీ గదులకో, గోడకి పెట్టే పెద్ద స్క్రీన్‌కో కాదు. మొత్తం టీచర్ల జీతాలకే. చిన్న ప్రైవేటు బడుల్లో చాలాచోట్ల టీచర్లకి పది నెలల జీతమే వస్తుంది, వేసవిలో చేతికి ఏమీ రాదు. ఇల్లు గడవక వాళ్లు ట్యూషన్లు చెప్పుకోవాలి, లేదంటే ఇంకో బడి వెతుక్కోవాలి. పోయిన ఏడాది మంచి టీచర్లు ఇద్దరు అలాగే వెళ్లిపోయారు. వాళ్లని తప్పు పట్టలేను. కానీ ఏడాది మధ్యలో టీచరు మారితే ఒకటో తరగతి పిల్లలు ఎంత బెంగపడతారో కళ్లారా చూశాను. కొందరు బడికి రామని ఏడ్చారు, కొందరు చదివింది కూడా మర్చిపోయారు. అందుకే ఈ ఏడాది నుంచి మా టీచర్లకి పన్నెండు నెలల జీతం ఇస్తున్నాం. 150 రూపాయలు కొన్ని ఇళ్లలో చిన్న మొత్తం కాదు. ఒకేసారి కట్టలేనివాళ్లు, పంట డబ్బులు వచ్చాక కట్టేవాళ్లు, కూలి పనుల మీద ఆధారపడినవాళ్లు ఆఫీసులో నాతో నేరుగా మాట్లాడండి, వాయిదాలు పెట్టుకుందాం. ఫీజు బాకీ ఉందని ఏ పిల్లనీ బయట నిలబెట్టం, పరీక్షకి కూర్చోనివ్వకపోవడం ఉండదు. ఫీజు మాట పిల్లల దగ్గర ఎత్తవద్దని టీచర్లకి కూడా గట్టిగా చెప్పాను.

దీంతోపాటే తల్లికి వందనం గురించి. పిల్లల చదువు కోసం రాష్ట్ర ప్రభుత్వం తల్లి ఖాతాలో డబ్బు వేసే పథకం ఇది. 2025 జూన్‌లో మొదలైన ఈ పథకం ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా ప్రైవేటు బడుల పిల్లలకూ వర్తిస్తుంది. ఒక్కో పిల్లకి ఏడాదికి మొత్తం 15,000 రూపాయలు. అందులో 2,000 బడుల నిర్వహణకు తీసి 13,000 తల్లి ఖాతాలో వేశారు. పిల్ల హాజరు 75 శాతం ఉండాలి. తల్లి బ్యాంకు ఖాతాకి ఆధార్ లింక్ అయి ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. సచివాలయంలోని కుటుంబ వివరాల్లో పిల్ల పేరు సరిగా ఉందో లేదో కూడా అడిగి తెలుసుకోండి. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చి ఆగిపోయినవాళ్లు మన బడిలోనే ఉన్నారు. ఆ డబ్బు వస్తేనే ఫీజు కట్టాలని కానీ, రాగానే మాకే ఇవ్వాలని కానీ మేము అనం. అది తల్లి డబ్బు.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. ఈ ఏడాది ఒకటి, రెండు తరగతుల్లో రోజూ మొదటి పీరియడ్ తెలుగు చదవడానికి కేటాయించాం. రాయడం కాదు, బట్టీ కాదు, చదవడం. అడ్మిషన్‌కి వచ్చినప్పుడు చాలామంది మొదట అడిగే మాట ఒకటే: "మా బాబు ఇంగ్లీషులో మాట్లాడతాడా మేడమ్?" ఆ కోరికలో తప్పేమీ లేదు. మాది ఇంగ్లీష్ మీడియమే, ఇంగ్లీషు బాగా నేర్పిస్తాం. కానీ ఏళ్ల తరబడి తరగతి గదుల్లో నేను చూస్తున్నది మీకు చెప్పాలి. మూడో తరగతి పిల్ల ఇంగ్లీషు రైమ్ గడగడా చెప్పేస్తుంది. అదే పుస్తకం తెరిచి ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటమ్మా అంటే తెల్లమొహం వేస్తుంది. చెవితో పట్టేసింది తప్ప కంటితో చదవలేదు. అలాంటి పిల్ల నాలుగో తరగతికి వచ్చేసరికి సోషల్ పాఠం, లెక్కల్లో మాటల ప్రశ్న అన్నీ భారమైపోతాయి. అప్పుడు మనం లెక్కలు రావట్లేదు అనుకుంటాం. లెక్క వచ్చు, ప్రశ్న చదవడం రాదు.

ఇంట్లో మాట్లాడే భాషలో అక్షరానికీ శబ్దానికీ ఉన్న ముడి ఒకసారి తెలిస్తే, ఆ పిల్ల రెండో భాషకి తొందరగా వెళ్లగలదు. కొత్త మాట, కొత్త అక్షరం, కొత్త అర్థం మూడూ ఒకేసారి మోయక్కర్లేదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలున్నచోట కనీసం ఐదో తరగతి దాకా మాతృభాషలో చెప్పమంటోంది. 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ అనే కార్యక్రమం లక్ష్యం కూడా మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని, మామూలు లెక్కలు చేయాలని. మనం ఆ లక్ష్యాన్ని కాగితం మీద వదిలేయకూడదని నా పట్టుదల. ప్రతి నెలా చివర్లో ఒక్కో పిల్లనీ విడిగా కూర్చోబెట్టి, అంతకుముందు చూడని చిన్న పేరా చదివించి, ఏం అర్థమైందో అడుగుతాం. దానికి మార్కులుండవు, ర్యాంకులుండవు. ఎక్కడ ఆగుతోందో మీకు చెబుతాం.

మీరు ఇంట్లో చేయాల్సింది రోజుకి ఓ పావుగంట. పుస్తకాలు కొనాల్సిన పని లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్లినప్పుడు బస్సుల బోర్డులు చదివించండి. ఆమదాలవలస చూడండి, అంత పొడుగు పేరులో ఒక్క ఒత్తు కూడా లేదు, ఒకటో తరగతి పిల్ల కూడబలుక్కుని చదివేస్తుంది. పాలకొండలో, పొందూరులో సున్న వస్తుంది. అరసవల్లిలో లకి ల ఒత్తు, నరసన్నపేటలో నకి న ఒత్తు, టెక్కలిలో కకి క ఒత్తు. ఎచ్చెర్ల దగ్గర కాస్త ఆగుతారు, ఒకే పేరులో రెండు ఒత్తులు. మన ఊరి పేరు మొదటి అక్షరమే అన్నిటికంటే కష్టం, అది చదివిన రోజు పిల్లని మెచ్చుకోండి. ఏడు రోడ్ల కూడలిలో నిలబడితే కొట్ల బోర్డులే ఒక వాచకం. తప్పు చదివితే వెంటనే అందుకోకండి. రెండోసారి చూడమనండి, చాలాసార్లు వాళ్లే దిద్దుకుంటారు.

చదువు రాదని మొహమాటపడే అమ్మమ్మలు, నానమ్మలు కూడా ఉన్నారు. మీరు కథ చెప్పండి చాలు. ఎన్ని మాటలు చెవిన పడితే చదువు అంత తేలిక. మన జిల్లా మాట పిల్ల నోట వస్తే ఏ టీచరూ నవ్వకూడదని మా బడి నియమం. "ఏటి టీచర్" అని అడిగిన పిల్లకి ముందు జవాబు చెప్పాలి. "ఏమిటి" అని కూడా రాస్తామని తర్వాత చూపించొచ్చు. జనం మాట్లాడే భాష పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలోనే, 1863 ఆగస్టు 29న. మన కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ఆయన సవర నేర్చుకుని, వాచకాలు రాసి, బడులు పెట్టించారు. ఆయన పుట్టిన రోజే తెలుగు భాషా దినోత్సవం. ఈసారి ఆ రోజు ఉపన్యాసాలు పెట్టం. ప్రతి పిల్లా తనకి నచ్చిన ఒక పేజీ మీ ముందు పైకి చదువుతుంది. ఆ ఒక్కరోజుకి వీలు చేసుకుని రండి.

హోంవర్క్ గురించి కూడా ఇక్కడే చెబుతాను. రెండో తరగతి దాకా రాసే హోంవర్క్ ఉండదు. 2020లో కేంద్రం ఇచ్చిన స్కూల్ బ్యాగ్ విధానమూ అదే చెబుతోంది. పక్క బడిలో నాలుగు పేజీలు ఇస్తున్నారని నాకు ఫోన్లు వస్తాయి. మూడేళ్ల పిల్లల వేళ్లకి పెన్సిల్ పట్టు ఇంకా కుదరదు. మట్టితో ఆడనివ్వండి, చిక్కుడుకాయలు తుంచనివ్వండి, ఆ వేళ్లే తర్వాత అక్షరాలు దిద్దుతాయి. బ్యాగు బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదు. ఒకటి, రెండు తరగతులకు 1.6 నుంచి 2.2 కిలోలు, మూడు నుంచి ఐదుకి 1.7 నుంచి 2.5 కిలోలు. టెక్స్ట్ పుస్తకాలు బడిలోనే అలమరాలో పెడతాం. నోట్‌బుక్స్, యూనిఫాం మేము అమ్మం, మీకు నచ్చిన కొట్లో తీసుకోండి. నోట్‌బుక్స్, పెన్సిళ్లు, రబ్బర్ల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, బిల్లు ఒకసారి చూసుకోండి. బూట్లు ఒక సైజు పెద్దవి కొనకండి, పరిగెత్తుతూ పడిపోతున్నారు.

క్యారేజీలో ఇంటి వంట ఏదైనా పర్వాలేదు. అన్నం పప్పు, గుడ్డు, చోడి (రాగి) రొట్టె, వేరుశనగ ఉండ. చిప్స్ ప్యాకెట్లు మాత్రం వద్దు, ఒకరు తెస్తే పక్కనున్న పదిమందికీ కావాలి. నీళ్ల సీసా తప్పనిసరి.

ఆరోగ్యం విషయంలో మూడు సంగతులు. ఐదేళ్లు నిండిన పిల్లలకి డీపీటీ రెండో బూస్టర్ టీకా ఉంటుంది, ఐదు, ఆరేళ్ల మధ్య వేయిస్తారు. చిన్నప్పటి టీకాలన్నీ వేయించి ఇది మర్చిపోయేవాళ్లు చాలామంది. మీ వీధికి టీకాలు వేసే నర్సమ్మని (ఏఎన్ఎం) అడగండి, ఉచితం. ఆగస్టులో నులిపురుగుల దినం నాడు ఆల్బెండజోల్ మాత్ర బడిలోనే నమిలిస్తాం, ఆ రోజు పిల్లకి జ్వరం ఉంటే ముందే చెప్పండి. జ్వరంతో, కళ్లకలకతో బడికి పంపకండి. హాజరు పోతుందని టెన్షన్ పడొద్దు, తగ్గాక వస్తే పాఠం మేం మళ్లీ చెప్పుకుంటాం. బోర్డు సరిగా కనబడట్లేదని అనుమానం వచ్చిన పిల్లల పేర్లు టీచర్లు మీకు చెబుతారు. అప్పుడు కంటి పరీక్ష వాయిదా వేయకండి.

మన బడిలో అమ్మానాన్నలు విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో పనిలో ఉండి, ఇక్కడ తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మల దగ్గర పెరుగుతున్న పిల్లలు తక్కువేమీ లేరు. దూరాన ఉన్న తల్లిదండ్రులకు నా మాట ఇది. మీరు దూరంగా ఉన్నారని మీ పిల్లని తక్కువ చూడం. నెలకోసారి ఆదివారం సాయంత్రం వీడియో కాల్‌లో టీచరు మీతో మాట్లాడతారు. నంబరు మారితే ఆ రోజే చెప్పండి. పోయిన ఏడాది ఒక బాబుకి ఒంట్లో బాగోలేక ఫోన్ చేస్తే మూడు నంబర్లూ పనిచేయలేదు. అతని తాతయ్య గుజరాతీపేటలో ఎక్కడుంటారో తెలిసిన ఆయా ఇంటికి పరిగెత్తింది.

బడి వ్యాను ఈ ఏడాది ఉండదు. డీజిల్, బీమా, ఫిట్‌నెస్, రిపేర్లు కలిపి లెక్క చూస్తే వ్యాన్ కోసం ఫీజు ఇంకా పెంచాల్సి వచ్చేది, ఎక్కేవాళ్లు మాత్రం కొద్దిమందే. బలగ, అరసవల్లి వైపు నుంచి వచ్చేవాళ్లకి ఇది ఇబ్బందే. ఒకే దారిలో వచ్చే కుటుంబాలను కలుపుతున్నాం, ఆఫీసులో పేర్లు ఇవ్వండి. ఆటో పెట్టుకుంటే డ్రైవరు పక్కన పిల్లని కూర్చోబెట్టనివ్వకండి, బ్యాగులు బయటికి వేలాడేంతమందిని ఎక్కించే ఆటో వద్దు. సాయంత్రం మీరు రాసిచ్చిన పేర్లు ఉన్నవాళ్లకే పిల్లని అప్పగిస్తాం. బాబాయి వచ్చినా పేరు లేకపోతే మీకు ఫోన్ చేసే పంపుతాం, దయచేసి కోపం తెచ్చుకోవద్దు.

తుపాను సెలవులకు కలెక్టర్ గారి ప్రకటనే ప్రమాణం. 2018 అక్టోబరులో తిత్లీ, అంతకుముందు 2014 అక్టోబరులో హుద్‌హుద్, మన జిల్లా మర్చిపోలేదు. ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజ్ చూసి ఆగిపోకండి, బయల్దేరకండి. ఉదయం 7 లోపు బడి నంబరు నుంచే కబురు వస్తుంది. వానలో ఇంటి నుంచి పిల్లని తీసుకురావడం ప్రమాదం అనిపిస్తే మీ నిర్ణయమే సరి, మేం అడగం.

ఇంకొక మాట. "వినకపోతే రెండు తగిలించండి టీచర్" అని మీలో కొందరు పిల్లల ముందే అంటారు. మా బడిలో బెత్తం లేదు, గోడ కుర్చీ లేదు, ఎండలో నిలబెట్టడం లేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దాన్ని నిషేధించింది. చట్టం లేకపోయినా నేను ఒప్పుకోను. పిల్ల భయపడిన చోట నోరు విప్పదు, నోరు విప్పని పిల్లకి ఏం రాదో నాకు తెలిసే దారి లేదు. ఏ టీచరైనా చెయ్యి చేసుకున్నారని పిల్ల చెబితే అదే రోజు నా దగ్గరికి రండి.

కొన్ని కుటుంబాలు ఈ వేసవిలో పిల్లల్ని పెద్ద బడులకి మార్చాయి. వాళ్లకి టీసీలు ఇచ్చేశాం, ఆ పిల్లలు ఎక్కడున్నా బాగా చదవాలి. ఉచిత సీట్ల కోటాలో ఒకటో తరగతికి వచ్చే పిల్లలు కూడా మన పిల్లలే. ఎవరు ఫీజు కడుతున్నారు, ఎవరు కట్టట్లేదు అన్నది తరగతిలో ఎవరికీ తెలియదు, తెలియనివ్వం.

ఆఫీసు జూన్ 8 నుంచి ఉదయం 9:30 నుంచి మధ్యాహ్నం 1 దాకా తెరిచి ఉంటుంది. వచ్చేటప్పుడు పిల్ల ఆధార్, టీకా కార్డు జిరాక్సులు, తల్లి బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ తీసుకురండి. ఐదేళ్లు దాటిన పిల్లల నీలం ఆధార్‌కి వేలిముద్రలు, కంటిపాప వివరాలు ఎక్కించాలి. ఏడేళ్లలోపు అయితే ఆ పని ఉచితం, ఏడు దాటినా చేయించకపోతే ఆధార్ పనిచేయకుండా పోవచ్చు. సేవా కేంద్రంలో జూన్ రెండో వారం నుంచి రద్దీ మొదలవుతుంది, ఈ వారమే వెళ్లిరండి.