తెలుగులో సైన్సు చెప్పే శాస్త్రవేత్తకు ఒక పురస్కారం: ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి నమస్కారాలు.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మీ కార్యాలయానికి మూడుసార్లు రాశాను. జవాబు రాలేదు కనుక అందరి ముందు రాస్తున్నాను.

2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం రోజు మీ విశ్వవిద్యాలయపు యువ శాస్త్రవేత్త ఒకరు సొంత ఖర్చుతో మా ఊరు వచ్చారు. అట్టకు సూదితో బెజ్జం పెట్టి, సూర్యబింబాన్ని కాగితం మీద పడేలా చూపించారు. గ్రహణం పట్టి ఉండగానే పిల్లలతో కలిసి ఇడ్లీ తిన్నారు. తెల్లవారినప్పటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా చీకటి గదిలో కూర్చున్న ఒక నిండు చూలాలు ఆయన మాట విని నీళ్లు తాగింది. ఆ దృశ్యం నేను మరచిపోలేను.

పదోన్నతి సమీక్షలో ఆ పనికి ఒక్క మార్కూ రాలేదు. ఆయన మళ్లీ రాలేదు. 2022 అక్టోబరు 25 గ్రహణానికి మా ఊళ్లో తలుపులు మళ్లీ మూసుకున్నాయి.

ప్రజలకు సైన్సు చెప్పినందుకు యునెస్కో కళింగ పురస్కారం ఇస్తోంది. దానికి నిధి సమకూర్చింది ఒడిశా నాయకుడు బిజూ పట్నాయక్. 1996లో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్, 1997లో హైదరాబాదు శాస్త్రవేత్త డి. బాలసుబ్రమణియన్ దాన్ని అందుకున్నారు.

ఏటా ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినోత్సవాన, తెలుగులో ప్రజలకు సైన్సు చెప్పే శాస్త్రవేత్తకు పురస్కారం ఇవ్వండి. నగదు చిన్నదైనా చాలు, పదోన్నతిలో మాత్రం దానికి మార్కులు ఉండాలి. వచ్చే పాలకమండలి సమావేశంలో ఈ విషయం చర్చించి, నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాను.

భవదీయ,
ఒక సైన్సు టీచరు